కోటాసారస్ బొమ్మ తుంటి దగ్గర మొదలుపెట్టండి

నేను డ్రాయింగ్ టీచర్‌ని. ఏటా పిల్లల్ని హైదరాబాద్ నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ సెంటర్‌కు తీసుకెళ్లి, కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ముందు కూర్చోబెట్టి బొమ్మ వేయిస్తాను. మెడ పొడుగ్గా ఉండే ఈ శాకాహారి ఎముకలు దొరికింది ఎక్కడో కాదు, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర. నాకు ఈ డైనోసార్ అంటే అంత ఇష్టం అందుకే.

కాగితం అడ్డంగా పెట్టుకోండి. పిల్లలందరూ తలతో మొదలుపెడతారు. మెడ పూర్తయ్యేసరికి సగం పేజీ అయిపోతుంది. "టీచర్, తోకకి చోటు చాల్లేదు" అని మొహం వేలాడేస్తారు. అందుకే పేజీ మధ్యలో ముందు తుంటి ఎముక వేయండి. దాని కింద తొడ ఎముక. ఇక అదే మీ స్కేలు. చెయ్యి చాపి పెన్సిల్ నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, తొడ ఎముక ఎంత పొడుగు కనిపిస్తోందో బొటనవేలితో గుర్తు పెట్టుకోండి. మెడకి అలాంటివి ఎన్ని పడతాయి, తోకకి ఎన్ని? లెక్కపెట్టి చుక్కలు పెట్టాక, వెన్నెముకను ఒకే గీతగా లాగండి.

కాళ్లు తొండలా పక్కకి చాపొద్దు. ఏనుగు కాళ్లలా ఒంటి కిందికి నిటారుగా దిగాలి.

ఒక కాలు వేసేసి, రెండోది దాన్ని చూసి దించెయ్యకండి. యామన్‌పల్లి దగ్గర కనీసం 12 జంతువుల ఎముకలు కలగలిసి దొరికాయి, వాటిని జోడించి నిలబెట్టిందే ఈ అస్థిపంజరం. పక్కపక్కనున్న రెండు కాళ్లు ఒకే జంతువువి కాకపోవచ్చు. ప్రతి ఎముకనీ విడిగా చూసి వేయండి.

వెన్నుపూసలన్నీ వేయక్కర్లేదు. మెడలోవి పొడుగ్గా ఉంటాయి, తోకలోవి చివరికి పోయేకొద్దీ చిన్నవవుతాయి. ఆ తేడా తెలిస్తే చాలు.

తల ఆఖర్న, అదీ చుక్కల గీతతో. దీని పుర్రె దొరకలేదు, దొరికినవి పళ్లే. సైన్స్ సెంటర్‌లో కనిపించే తల ఊహించి చేసింది. పోయినసారి ఒక పాప తలని నల్లగా దిద్దింది. విషయం చెప్పగానే మాట్లాడకుండా రబ్బరు తీసుకుని చెరిపేసి, పళ్లు మాత్రం గట్టిగా దిద్దుకుంది.

బొమ్మ కింద పేరు పూర్తిగా రాయండి: కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. 1988లో శిలాజాల శాస్త్రవేత్త పి. యాదగిరి పెట్టిన పేరు, అందులో ఆ ఊరు కూడా ఉంది.