ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ తీసుకోకపోతే: మైక్రోసాఫ్ట్ ఖాతా పునరుద్ధరణకు దరఖాస్తు విధానం

ల్యాప్‌టాప్ తెరవగానే 'పాస్‌వర్డ్ తప్పు' అని వస్తే చాలామంది నేరుగా రిపేరు షాపుకు పట్టుకెళ్తారు. అక్కడ ఫార్మాట్ చేయించుకుని పిల్లల ఫొటోలు, ప్రాజెక్టు ఫైళ్లు పోగొట్టుకుంటారు. తలచుకుంటేనే బాధ కలుగుతుంది, ఎందుకంటే చాలాసార్లు ఆ అవసరమే ఉండదు. విండోస్ 10, 11 ల్యాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయ్యేవారు ఖాతాను తిరిగి పొందడానికి ఆ కంపెనీయే ఉచితంగా దారి చూపింది. అయితే దరఖాస్తు దాకా వెళ్లే ముందు కీబోర్డును అనుమానించండి.

పాస్‌వర్డ్ గడిలో కన్ను గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుంటే మీరు కొట్టిన అక్షరాలు కనిపిస్తాయి. తెర కింద కుడి మూలన భాష గుర్తు చూడండి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎంపికై ఉంటే కె మీట నొక్కినప్పుడు 'క', హెచ్ నొక్కినప్పుడు 'ప', జె నొక్కినప్పుడు 'ర' పడతాయి. చుక్కల వెనుక జరిగే ఈ మార్పు కంటికి కనిపించదు. విండోస్ మీటతో పాటు స్పేస్ నొక్కితే ఇంగ్లిష్‌కు మారుతుంది. బ్రిటన్‌లో కొన్న ల్యాప్‌టాప్ అయితే ఇంకో చిక్కు ఉంది: అక్కడి కీబోర్డులో షిఫ్ట్‌తో 2 నొక్కితే 'ఎట్' గుర్తుకు బదులు కొటేషన్ గుర్తు వస్తుంది. జర్మనీ కీబోర్డులో వై, జెడ్ స్థానాలు తారుమారు. క్యాప్స్ లాక్, నమ్ లాక్ కూడా సరిచూసుకోండి. మీటలే పాడయ్యాయనిపిస్తే మూలనున్న యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కి తెర మీది కీబోర్డుతో ప్రయత్నించండి.

పిన్, పాస్‌వర్డ్ ఒకటి కావు. పిన్ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌కే పరిమితం, పాస్‌వర్డ్ ఖాతా మొత్తానిది. గడి పిన్ అడుగుతుంటే అందులో పాస్‌వర్డ్ కొట్టి లాభం లేదు. పిన్‌ను పదేపదే తప్పుగా కొడితే విండోస్ 'ఎ1బి2సి3' అని ఇంగ్లిష్‌లో టైపు చేయమంటుంది. కంగారు పడకండి, కీబోర్డు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసేందుకే అలా అడుగుతుంది.

ఇవన్నీ చూశాక కూడా తెరుచుకోకపోతే ఫోన్‌లో గానీ ఇంకో కంప్యూటర్‌లో గానీ మైక్రోసాఫ్ట్ లాగిన్ పేజీ తెరిచి, 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అన్న లింకు నొక్కండి. ఖాతాకు జతచేసిన ఫోను నంబరుకో ఈమెయిల్‌కో కోడ్ వస్తుంది. అది ఇచ్చి కనీసం 8 అక్షరాల కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. తర్వాత ల్యాప్‌టాప్‌ను లాక్ తెర మీదే వైఫైకి కలపాలి. నెట్ లేకపోతే కొత్త పాస్‌వర్డ్ సంగతి దానికి తెలియదు, పాతదే అడుగుతూ ఉంటుంది.

పాత సిమ్ పోయి, ఈమెయిల్ కూడా అందుబాటులో లేనివారికే ఖాతా పునరుద్ధరణ ఫారం. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్న ఖాతాలకు ఇది పనిచేయదు. ఫారం తెరిచే ముందు కాగితం దగ్గర పెట్టుకోండి. ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన పేరు, పుట్టిన తేదీ, గతంలో వాడిన పాస్‌వర్డులు రాసుకోండి. అవుట్‌లుక్ మెయిల్ వాడేవారైతే ఈమధ్య ఎవరికి మెయిల్ పంపారో, దాని సబ్జెక్టు ఏమిటో కూడా కావాలి. సబ్జెక్టు ఉన్నది ఉన్నట్టు రాయాలి. గుర్తున్నంతవరకు ఖాళీలు వదలకండి. ఇంతకుముందు ఆ ఖాతా వాడిన పరికరం నుంచి, మీరు మామూలుగా ఉండే చోటు నుంచి పంపితే మంచిది. జవాబు కోసం వేరే ఈమెయిల్ ఇవ్వాలి, అది ఇంట్లో వాళ్లదైనా పర్వాలేదు. సాధారణంగా 24 గంటల్లో ఫలితం వస్తుంది. కాదంటే మరిన్ని వివరాలతో మళ్లీ పంపవచ్చు. రోజుకు రెండుసార్ల వరకు వీలుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మైక్రోసాఫ్ట్ సిబ్బంది కూడా మీ తరఫున పాస్‌వర్డ్ మార్చలేరు. కాబట్టి ఫోన్ చేసి 'మేం తెరిపిస్తాం, డబ్బు కట్టండి, ఓటీపీ చెప్పండి' అనేవారు మోసగాళ్లే. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయండి.

ల్యాప్‌టాప్ 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతుంటే అది వేరే తాళం, డిస్కులోని ఫైళ్లకు విండోస్ వేసే రక్షణ. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోన్ నుంచి వెళ్లి రికవరీ కీల జాబితా చూడండి. తెర మీది కీ ఐడీలో మొదటి 8 అక్షరాలు దేనితో సరిపోతాయో ఆ కీ కొట్టాలి. ల్యాప్‌టాప్ తయారుచేసిన కంపెనీ గుర్తు కనిపించగానే, విండోస్ మొదలవకముందే పాస్‌వర్డ్ అడిగితే అది బయాస్‌ది, అంటే విండోస్ కంటే ముందు ల్యాప్‌టాప్‌ను నడిపించే ప్రోగ్రాముది. కొన్న బిల్లు పట్టుకుని ఆ కంపెనీ సర్వీసు కేంద్రానికే వెళ్లాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ విభాగానికి చెప్పాలి. మైక్రోసాఫ్ట్‌తో సంబంధం లేని లోకల్ ఖాతా అయితే, ముందే పెట్టుకున్న మూడు భద్రతా ప్రశ్నలకు జవాబులు చెప్పి మార్చుకోవచ్చు.

లోపలికి వెళ్లగానే ఖాతా భద్రతా పేజీలో ఇప్పుడు వాడుతున్న ఫోను నంబరు, ఇంకో ఈమెయిల్ చేర్చండి. పాతవేవీ చేతిలో లేనప్పుడు వాటిని మార్చాలంటే 30 రోజులు ఆగాల్సి వస్తుంది.