అంబ్రెల్లా స్కర్ట్ నడుము వదులైతే: నా అనుభవం

నడుము 28 అంగుళాలు. పూర్తి గుండ్రంగా కుట్టే ఈ స్కర్ట్‌కి మధ్యలో కత్తిరించే నడుము సున్నా వ్యాసార్థం కావాలి. 28ని 6.28తో (2π) భాగిస్తే 4.46, అంటే దాదాపు నాలుగున్నర. ఆ కొలతకు గీసిన గీత మీదే కత్తిరించడం తప్పయింది. అరంగుళం కిందికి నడుము పట్టీ కుట్టేసరికి వ్యాసార్థం 5కి చేరి, చుట్టుకొలత 31.4 తేలింది. నాలుగున్నర అనేది కుట్టు పడే గీత. కత్తెర 4 దగ్గరే ఆగాలి. చిన్న సున్నా కత్తిరించినా నష్టం లేదు, తర్వాత పెంచుకోవచ్చు. పెద్దది కత్తిరిస్తే మాత్రం తిప్పలే.

పైగా ఆ గుండ్రంలో కొంత బట్ట ఐమూలగా (నేతకు ఏటవాలుగా) పడుతుంది, చేత్తో పట్టుకుంటేనే సాగుతుంది. అందుకే కత్తిరించగానే, టేపుతో కొలవకముందే, అంచుకి పావంగుళం లోపల మామూలు కుట్టు ఒక చుట్టు వేయాలి.

ఇప్పటికే వదులైనదానికి: పట్టీ విప్పి, రెండు పక్క కుట్లనూ పైన ఒక్కో పొరకు ముప్పావంగుళం లోపలికి తీసుకుని, ఏడంగుళాల కిందికి వచ్చేసరికి పాత కుట్టులో కలిపేశాను. నాలుగు పొరలకు మూడంగుళాలు తగ్గింది. మిగిలిన పావో అరో అంగుళం, పెద్ద కుట్టు వేసి దారం లాగితే పట్టీలో సర్దుకుంటుంది, కుచ్చు కనబడదు.

కింది అంచు మాత్రం ఒక రోజు వేలాడదీశాకే మడవాలి.