టేకు పెట్టె మూలలు విచ్చుకోకుండా ఆపిన పద్ధతి (నా అనుభవం)

మేనకోడలి పెళ్లికి టేకుతో పసుపు కుంకుమల పెట్టె చేశాను. మూలలు 45 డిగ్రీల కోత. అతికించినప్పుడు చక్కగానే ఉంది, నెల తిరక్కుండానే రెండు మూలలు సన్నగా విచ్చుకున్నాయి. పాత జిగురు గీకి మళ్లీ అతికించాను, జిగురు మార్చాను, క్లాంపులు గట్టిగా బిగించాను, సన్న మేకులు కొట్టాను, ఏదీ నిలవలేదు.

టేకులో సహజంగా నూనె ఉంటుంది, జిగురును అదే పట్టనివ్వదు. పైగా ఆ కోతలో కర్ర చివరి రంధ్రాలు తెరుచుకుని జిగురును పీల్చేస్తాయి. అందుకని ఈసారి కోసిన ముఖాలను 120 నంబర్ సాండ్ పేపర్‌తో తేలిగ్గా రుద్ది, తెల్ల గుడ్డను, నూనెను కరిగించే ద్రవమైన అసిటోన్‌లో తడిపి తుడిచాను. గుడ్డకు పసుపు మరక అంటడం ఆగేదాకా గుడ్డ మారుస్తూనే ఉన్నాను (కిటికీ తెరిచి, దగ్గర్లో మంట లేకుండా). ఆరగానే, ఆలస్యం చేయకుండా, నీళ్లు కలిపిన వుడ్ గ్లూ పలచగా పూశాను. ఐదు నిమిషాలకు అది ఇంకిపోయింది. దాని మీద చిక్కటి జిగురు. నాలుగు పలకలనూ ముందే వరసగా బోర్లా పరిచి బయటివైపు మాస్కింగ్ టేప్ వేసి ఉంచాను కాబట్టి, తిరగేసి మడిస్తే పెట్టె నిలబడింది. కర్ణాలు (ఎదురెదురు మూలల మధ్య దూరాలు) రెండూ సమానంగా ఉన్నాయో లేదో కొలిచి, ఒక రోజంతా కదపలేదు.

ఇలా మూడు పెట్టెలు చేశాను, ఒక వానాకాలం దాటాయి. అసిటోన్ పని చేసిందా, పలచటి పూతా అన్నది విడిగా చూడలేదు. మామిడి కర్రకు ఇంత అవసరమో కాదో చెప్పలేను. బరువైన పెట్టెలకైతే మూలల్లో అడ్డంగా చిన్న చెక్క బద్దలు కూడా దూర్చాలనే నా అభిప్రాయం.