నిమ్మరసం సబ్బు గట్టిపడలేదు

సత్యనారాయణపురంలో మా ఇంట్లో అరకిలో కొబ్బరినూనెతో సబ్బు చేశాను. నీళ్లకు బదులు 160 మి.లీ. నిమ్మరసం గడ్డకట్టించి అందులో కాస్టిక్ సోడా కలిపాను. పది రోజులైనా సబ్బు వేలికి దిగబడుతూ, జిడ్డుగానే ఉంది. బెజవాడ ఉక్క వల్లేమో అనుకున్నా. మా అత్తయ్య మాత్రం, "పులుపు పోశావు కదమ్మా, సోడా విరిగిపోదూ?" అంది.

నిజమే! ఆ రసంలో సుమారు 8 గ్రాముల సిట్రిక్ యాసిడ్ ఉంటుంది. అది 5 గ్రాముల కాస్టిక్‌ని తినేసి సోడియం సిట్రేట్‌గా మారిపోతుంది. ఆ మేరకు నూనె సబ్బవకుండా మిగిలిపోయింది.

రెండోసారి రసం మానేసి డిస్టిల్డ్ వాటర్ వాడాను. జ్యూస్ బండి దగ్గర తెచ్చిన బత్తాయి తొక్కల్ని గలగలమనేలా నీడన ఎండబెట్టి, మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో జల్లించి ఒక చెంచా వేశాను. జల్లించకపోతే ఒంటికి గీసుకుంటుంది. నాలుగు వారాలు ఆరాక రాయిలా తేలింది, లేత గోధుమరంగులో. వాసన మాత్రం దాదాపు లేదు.

మెత్తటి సబ్బులు అంట్లకి వాడేస్తున్నాం. మిగిలిన నిమ్మరసం ముఖానికి రాద్దామనుకుని మానేశా. రాసుకుని ఎండలోకెళ్తే చర్మం కాలి మచ్చలు పడతాయి.