దసరాకి స్పీడు కారు దించే ముందు

మా బామ్మర్దికి ఈ దసరాకి కొత్త కారు దించాలని ఉంది. ఇప్పుడున్న చిన్న కారులో పికప్ లేదని ఆర్నెల్లుగా సణుగుతున్నాడు. మొన్న ఇంటికొచ్చి ఫోన్లో ఒక వీడియో పెట్టి, “నాలుగున్నర సెకన్లలో వంద కిలోమీటర్ల స్పీడు అందుకుంటుంది బావా” అన్నాడు. “ఎక్కడ అందుకుంటావురా, కరకంబాడి రోడ్డులోనా?” అన్నాను. వాడికి కోపం వచ్చింది. ఆ కోపం చల్లారాక వాడి కోసం ఒక కాగితం మీద రాసిచ్చిన జాగ్రత్తలివి. తిరుపతి, చిత్తూరు వైపు ఇదే ఆలోచనలో ఉన్న మరికొందరికి పనికొస్తాయని కాస్త పెంచి రాస్తున్నాను.

దసరాతో ఒక చిక్కుంది. ఆయుధ పూజ నాటికి బండి ఇంటి ముందు ఉండాలని అందరికీ ఉంటుంది. మనకి అసలు వానలు పడేది ఆ తర్వాతే. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో మొదలై నవంబరులో దంచి కొడతాయి. బండి కొత్త, టైర్లు కొత్త, ఆ యాక్సిలరేటర్ మన కాలికి కొత్త, పైన వాన. నాలుగూ ఒకే నెలలో కలుస్తాయి. అందుకే బుకింగ్ డబ్బులు కట్టే ముందే ఇవన్నీ చూసుకోవాలి. కట్టాక చూసుకుని ఏం లాభం?

స్పీడు సెడాన్లలో, అంటే వెనక డిక్కీ విడిగా ఉండే కార్లలో, మన దగ్గర మూడు మెట్లున్నాయి. కింది మెట్టులో ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియాల 1.5 లీటర్ల టర్బో (150 పీఎస్, పీఎస్ అంటే సుమారుగా హార్స్‌పవరే), హ్యుందాయ్ వెర్నా టర్బో (160 పీఎస్). మధ్య మెట్టులో 2025లో వచ్చిన స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ లాంటివి. దానికి 265 పీఎస్, వంద అందుకోడానికి 6.4 సెకన్లు, అప్పటి షోరూమ్ ధరే దాదాపు 50 లక్షలు. అప్పుడు దేశం మొత్తానికి తెచ్చింది 100 బళ్లే. పై మెట్టులో బీఎండబ్ల్యూ ఎం340ఐ: 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, 374 హార్స్‌పవర్, వందకి 4.4 సెకన్లు. మావాడి వీడియోలో ఉన్నది ఇదే. కొనబోయేది ఇది కాదులెండి. చెయ్యి కింది మెట్టు మీద, చూపు పై మెట్టు మీద.

నన్నడిగితే మన ఊళ్లో రోజూ తిరిగే బండికి కింది మెట్టే ఎక్కువ. గంటకి 80లో పోతుంటే సెకనుకి 22 మీటర్లు పోతున్నట్టు. ముందు ఆవు అడ్డమొచ్చిందని గమనించి కాలు బ్రేకు మీదికి చేరే ఆ ఒక్క సెకనులోనే 22 మీటర్లు అయిపోతాయి, బ్రేకు పని మొదలయ్యేది ఆ తర్వాత. వేగం రెట్టింపైతే బ్రేకులు అణచాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. పికప్ గురించి ఒక్క ప్రశ్న అడిగితే, బ్రేకుల గురించి రెండు అడగండి. వెనక చక్రాలకి డిస్కా, డ్రమ్మా? మీరు తీసుకునే వేరియంట్‌లో కూడా అదేనా, లేక టాప్ మోడల్లోనేనా?

టెస్ట్ డ్రైవ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు మోసపోయేది అక్కడే. షోరూమ్‌వాళ్లు బైపాస్ మీద రెండు కిలోమీటర్లు తిప్పి తెస్తారు. రోడ్డు ఖాళీ, బండి ఖాళీ, పక్కన నవ్వుతూ సేల్స్ కుర్రాడు. ఆ రెండు కిలోమీటర్లలో ఏ బండైనా బాగానే ఉంటుంది. మీరు రోజూ పోయే దారిలో, రోజూ పోయే టైముకి, ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని నడుపుతానని పట్టుబట్టండి. ఇవ్వనంటే వేరే షోరూమ్ చూసుకోండి.

మేం అట్లాగే చేశాం. బామ్మర్ది, సేల్స్ కుర్రాడు ముందర. వెనక మా అత్త, మావాడి భార్య, పిల్లోణ్ణి ఒళ్లో పెట్టుకుని నేను. మా అత్తకి మోకాళ్ల నొప్పులు. ముందు తల వంచింది, తర్వాత సీటు మీద చెయ్యి ఆనించింది, ఆ పైన ధబ్బున కూలబడి, “ఏందిరా ఇది, బావిలోకి దిగినట్టుండాది” అంది. దిగేటప్పుడు ఇంకా కష్టమైంది. ఒక కాలు బయట పెట్టి తలుపు పట్టుకుని లేవబోతే తలుపు మూసుకుంటోంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇంజన్ కంటే ముందు చూడాల్సింది ఇదే.

అక్కడి నుంచి మా వీధికి వచ్చాం. వీధి మొదట్లో ఎవరో రాత్రికి రాత్రి పోసిన స్పీడ్ బ్రేకర్ ఒకటుంది. రోడ్ల నిబంధనల ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. మా వీధిదాన్ని కొలిచిన పాపాన ఎవరూ పోలేదు, చూడ్డానికి పడుకున్న పందిలా ఉంటుంది. ముందు చక్రాలు దాటాయి. మధ్యలో కింద నుంచి గర్రుమని ఒక గీత. సేల్స్ కుర్రాడు వినబడనట్టు ఏసీ పెంచాడు. అందర్నీ దించేసి మావాడు ఒక్కడే మళ్లీ దాటించాడు, ఈసారి తగల్లేదు. తేడా అంతా అక్కడే ఉంది. కాగితం మీద రాసే గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుగుకీ నేలకీ మధ్య ఖాళీ, చాలావరకు ఖాళీ బండిది. “అందరూ కూర్చుంటే ఎంత?” అని అడగండి. ఏ బండో చెప్పను, స్పీడు సెడాన్లలో చాలావాటికి ఇదే తంతు.

మీ ఇంటి ర్యాంపు కూడా ఎక్కించి చూడండి. మన వీధుల్లో కాలవ మీద బండ పరిచి, పైన నిటారుగా సిమెంటు పోస్తారు. నా పాత సెడాన్ ముందు బంపర్ అంచు అట్లాంటి ర్యాంపు మీదే రెండుసార్లు ఊడింది. మూడోసారి మేస్త్రీని పిలిచి ర్యాంపునే పగలగొట్టించి ఏటవాలుగా పోయించాను. బంపర్ కంటే చవకగా అయింది.

టైరు మీద అంకెలు చదవడం నేర్చుకోండి. 205/55 ఆర్16 అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, రిమ్ముకీ రోడ్డుకీ మధ్య రబ్బరు ఎత్తు అందులో 55 శాతం, అంటే సుమారు 113 మిల్లీమీటర్లు. 225/40 ఆర్19 అయితే ఆ ఎత్తు 90 మిల్లీమీటర్లే. పెద్ద రిమ్ములు చూడ్డానికి అందంగానే ఉంటాయి, గుంతలో పడ్డ దెబ్బ మాత్రం నేరుగా రిమ్ముకే పోతుంది. పలమనేరు దారిలో ఒకసారి రాత్రిపూట గుంత కనబడక దిగాను. తెల్లారి చూస్తే టైరు పక్కన కోడిగుడ్డంత బుడిపె. ఆ సైజు టైరు ఊళ్లో దొరకలేదు, నాలుగు రోజులు ఆటోలో తిరిగాను. టైరు బుడిపెకి ప్యాచ్ వేయడం కుదరదు, మార్చాల్సిందే. డిక్కీ కూడా తెరిపించి చూడండి. కొన్ని స్పీడు కార్లలో స్టెప్నీ ఉండదు, పంక్చర్ కిట్టే ఇస్తారు. కొన్నింట్లో సన్నటి స్టెప్నీ ఉంటుంది, దాని మీద గంటకి 80 దాటకూడదు.

గేరుబాక్స్ విషయంలో చాలామంది అడగరు. కింది మెట్టు బళ్లలో ఆటోమేటిక్ అంటే ఎక్కువగా రెండు క్లచ్‌ల రకం, డీఎస్‌జీ అనో డీసీటీ అనో అంటారు. హైవే మీద వెన్నలా మారుతుంది. బండి అంగుళం అంగుళం జరిగేచోట మాత్రం లోపల క్లచ్‌లు సగం పట్టి సగం వదులుతూ వేడెక్కుతాయి. బ్రహ్మోత్సవాలప్పుడు అలిపిరి దగ్గర వాహనాల వరసలో ఇరుక్కుంటే ఏమవుతుందో ఊహించుకోండి. ముందు బండి రెండు అడుగులు కదలగానే మీరూ కదలొద్దు, పదడుగుల ఖాళీ వచ్చాక ఒకేసారి కదలండి. ఎత్తులో యాక్సిలరేటర్ తొక్కి బండిని నిలబెట్టొద్దు, బ్రేకు పట్టుకోండి. రోజంతా ట్రాఫిక్‌లోనే తిరిగేవాళ్లయితే క్లచ్‌ల బదులు ఆయిలు ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ రకం నయం. వర్టస్‌లో చిన్న 1.0 ఇంజన్‌కి వచ్చేది అదే. ఎం340ఐలోనూ అదే రకం, 8 గేర్లది.

ఇక ఘాట్. తిరుమల కొండెక్కేది 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు, దిగేది 1944 నాటి మొదటిది. మెలికలు ఎక్కువున్నది దిగే దారిలోనే. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు అని దేవస్థానం కనీస సమయం పెట్టింది. అంతకంటే ముందే చేరితే పట్టుకుంటారు. కాబట్టి నాలుగున్నర సెకన్ల బండికీ, పదిహేను సెకన్ల బండికీ కొండ మీద ఒకటే టైము. దిగేటప్పుడు ఆటోమేటిక్‌ని ‘డి’లో వదిలేసి బ్రేకు మీదే ఆధారపడితే సగం దూరం వచ్చేసరికి కాలిన వాసన మొదలవుతుంది. మాన్యువల్ మోడ్‌కి మార్చి రెండో గేరులో ఉంచండి, ఇంజనే బండిని పట్టుకుంటుంది. న్యూట్రల్ మాట ఎత్తొద్దు. బ్రేకు ఆయిలు గాలిలో తేమ పీల్చుకుంటుంది, తేమ చేరితే వేడికి తొందరగా మరుగుతుంది. రెండేళ్లకోసారి మార్పించండి.

చిత్తూరు నుంచి బెంగళూరు పోయేవాళ్లకి మొగిలి ఘాట్, తిరుపతి నుంచి మదనపల్లె పోయేవాళ్లకి భాకరాపేట ఘాట్ ఉన్నాయి. అక్కడ మినిమమ్ టైము ఎవరూ పెట్టలేదు, అందుకే అక్కడే ఎక్కువ భయం. పలమనేరు, కుప్పం వైపు రాత్రిళ్లు ఏనుగులు రోడ్డు దాటతాయి. ఇక జూన్, జూలైలో తోతాపురి మామిడి లోడుతో ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరి ఉంటాయి. వెనక లైటు ఉండదు, కింద పడి నలిగిన కాయల మీద టైరు జారుతుంది.

వాన గురించి. కొత్త టైరుకి పైన ఒక నునుపు పొర ఉంటుంది, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు పట్టు తక్కువ. స్పోర్ట్ మోడ్ సరదా పొడి రోడ్డు కోసం దాచుకోండి. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ బటన్ ముట్టుకోవద్దు. తిరుపతిలో వెస్ట్ చర్చ్ దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జి గుర్తుందా? 2021 అక్టోబరులో వాన నీళ్లలో బండి మునిగి అక్కడ ఒక ప్రాణం పోయింది. ఎత్తైన బళ్లకే దిక్కులేనిచోట, నేలకి ఆనుకుని పోయే సెడాన్‌ని దింపకండి. నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. ఇంజన్‌లోకి నీళ్లు పోయాక సెల్ఫ్ కొడితే లోపల రాడ్లు వంగుతాయి. ఆ నష్టం మామూలు పాలసీలో రాదు. దానికి ఇంజన్ ప్రొటెక్ట్, విడిభాగాల తరుగు కోయకుండా డబ్బిచ్చే జీరో డెప్ రెండూ తీసుకోండి. పెద్ద రిమ్ములుంటే టైర్ కవర్ కూడా.

డబ్బుల లెక్క త్వరగా చెప్పేస్తాను. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు దాటిన పెట్రోల్ కార్లకి జీఎస్టీ 40 శాతం. 10 లక్షలు దాటితే ఇంకో 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే పన్ను), ఆదాయపు పన్ను రిటర్న్ వేసేటప్పుడు దాన్ని లెక్కలో చూపించుకోవచ్చు. కొత్త కారుకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) ఒకేసారి మూడేళ్లకి కట్టాలి. 2022లో ఖరారైన రేట్ల ప్రకారం ఇంజన్ 1000 దాటి 1500 సీసీ లోపైతే 10,640 రూపాయలు, దాటితే 24,596. వర్టస్ 1.5 ఇంజన్ 1498 సీసీ, వెర్నా టర్బో 1482 సీసీ. రెండూ గీత లోపలే ఉన్నాయి. ఆన్ రోడ్ కాగితంలో ‘హ్యాండ్లింగ్ ఛార్జీలు’ అని ఉంటే కొట్టేయమనండి. ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే తీసుకోవాలని రూలేం లేదు. మైలేజీ మాట ఎత్తితే మాత్రం నవ్వొస్తుంది. షోరూమ్‌లో చెప్పే లెక్కని కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్పమంటే ఎంతమంది వస్తారో చూడాలి. ఊళ్లో ఏసీ వేసుకుని తిరిగితే అందులో సగం వస్తే సంతోషం.

సర్వీసు సెంటర్ ఎక్కడో బుకింగ్‌కి ముందే కనుక్కోండి. చెన్నై దాకా పోవాలంటే పోనూ రానూ ఒక రోజు పని పోయినట్టే. పెట్రోల్ ట్యాంకు మూత లోపల ఏ పెట్రోల్ పోయాలో స్టిక్కర్ ఉంటుంది, అది మీ దారిలో బంకులో దొరుకుతుందో లేదో చూసుకోండి.

బండిని రిజిస్ట్రేషన్‌కి ముందే పగటి వెలుతురులో చూడండి. ఛాసిస్ నంబరు చూపించి బండి తయారైన నెల అడగండి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి, 2325 అంటే 2025లో 23వ వారం. పండగ రద్దీలో పాత స్టాకు అంటగట్టడం తెలిసిందే. మొదటి 1500 కిలోమీటర్లు ఇంజన్‌ని అరిపించొద్దు.

పూజ గురించి ఒక్క మాట. నిమ్మకాయలు తొక్కించండి, కొబ్బరికాయ కొట్టండి, మీ ఇష్టం. ఈ కొత్త బళ్లలో చాలావాటికి అద్దం పైన మధ్యలో చిన్న కెమెరా, ముందు బంపర్‌లో రాడార్ ఉంటాయి. ముందు బండిని గమనించి బ్రేకు వేసేది అవే. పూజారి చేత్తో పసుపు, కుంకుమ సరిగ్గా వాటి మీదే పూయిస్తారు మనవాళ్లు. బొట్లు బానెట్ మీద పెట్టించండి, పూలదండ కెమెరాకి అడ్డం రాకుండా కట్టండి. ఇంటికొచ్చాక తడిగుడ్డతో ఆ రెండు చోట్లా తుడవండి.

మావాడు ఇంకా డబ్బులు కట్టలేదు. వచ్చే ఆదివారం మళ్లీ టెస్ట్ డ్రైవ్‌కి పోతున్నాడు, ఈసారి మా అత్తని ముందు సీట్లో కూర్చోబెడతాడట. సేల్స్ కుర్రాడు వెనక కూర్చోవాలి మరి.