కుక్కను ఒంటరిగా వదిలి వెళ్లే ముందు జాగ్రత్తలు

మీరు లేనప్పుడు కుక్క మొరుగుతుంటే, ముందు ఎందుకు మొరుగుతోందో తేల్చుకోండి. పాత ఫోన్‌లో వీడియో పెట్టి అరగంట బయటికి వెళ్లి రండి. మీరు వెళ్లిన కొద్ది నిమిషాల్లోనే అరుపు, రొప్పడం, తలుపు గీకడం కనిపిస్తే అది ఒంటరితనపు భయం. వీధిలో అలికిడైనప్పుడే మొరిగితే కిటికీకి తెర వేసి, ఫ్యానో రేడియోనో పెడితే చాలావరకు తగ్గుతుంది.

భయమైతే ఓపిక కావాలి. తాళంచెవులు చేతిలోకి తీసుకోవడం, చెప్పులు వేసుకోవడం వంటివి రోజూ చేసి, బయటికి వెళ్లకుండా కూర్చోండి. ఆ గుర్తులకు అది బెదరడం మానేస్తుంది. తర్వాత 10 సెకన్లు, 30 సెకన్లు, 1 నిమిషం అలా బయట ఉండి రండి. అప్పుడప్పుడు తగ్గించండి కూడా, ప్రతిసారీ పెంచుకుంటూ పోతే కనిపెట్టేస్తుంది. మొరిగిందంటే మీరు తొందరపడ్డారన్నమాట. ఈ శిక్షణ సాగినన్నాళ్లూ ఎక్కువసేపు ఒంటరిగా వదలకండి, వదిలితే చేసిందంతా వృథా.

బయలుదేరే రోజు:

- 20–30 నిమిషాలు నడిపించండి, మలమూత్రాలు అయ్యాయో లేదో చూడండి. ఆయాసం తగ్గేదాకా ఆగి కదలండి.
- తిండి కూరిన గట్టి రబ్బరు బొమ్మ ఇవ్వండి. వేరుశనగ వెన్న వాడితే జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) లేనిదే. అది కుక్కలకు విషం. భయపడే కుక్క తరచూ ఆ బొమ్మను ముట్టదు, అదీ భయానికి ఒక గుర్తే.
- నీళ్లు ఒలకని గిన్నెలో.
- బోనులో ఉంచితే మెడపట్టీ తీసేయండి, చువ్వలకు చిక్కుకుంటుంది. బోనునే కొరికే కుక్కను అసలు పెట్టొద్దు.

మొరిగితే కరెంటు షాక్ ఇచ్చే మెడపట్టీ జోలికి వెళ్లకండి. భయానికి నొప్పి తోడవుతుంది. తిరిగొచ్చాక తిట్టినా అంతే.