మన ఊరి ప్రణాళికను మనమే చదువుదాం – 6వ పాఠం: సున్నా వేరు, ఖాళీ వేరు

మంచినీరు, మురుగుకాలువ, వీధిదీపాల అవసరాలను వీధివారీగా పట్టిక కట్టి పంపమని గత పాఠం చివర అడిగాను. నెల్లూరు, కావలి, ఒంగోలు, చీమకుర్తి నుంచి వచ్చిన పట్టికలు చూశాక, ఈసారి చెప్పదలచిన భూవినియోగ పటం (ఏ నేల దేనికి వాడాలో చూపేది) రంగుల సంగతి వాయిదా వేయక తప్పలేదు. చాలామంది వీధుల్లో తిరగకుండా ఆన్‌లైన్ ఫిర్యాదుల అంకెలనే పట్టికలోకి దించేశారు. ఫిర్యాదు రాని వీధి ఎదుట సున్నా వేశారు.

సున్నా అంటే వెళ్లి చూశాం, సమస్య లేదు అని అర్థం. ఖాళీ అంటే ఇంకా చూడలేదు అని అర్థం. ఈ రెండింటినీ కలిపేస్తే ఏమవుతుందో చూడండి. ఒక డివిజనులో, అంటే నగరపాలక వార్డులో, అయిదు వీధులున్నాయని, మూడింటిలో నూటికి 40, 30, 20 ఇళ్లకు నీరు సరిగా అందడం లేదని, మిగిలిన రెండింటి సంగతి తెలియదని అనుకుందాం. ఖాళీలను ఖాళీగానే ఉంచితే సగటు 30 వస్తుంది. సున్నాలు వేస్తే 18కి పడిపోతుంది. 25 దాటిన డివిజన్లకే కొత్త ఓవర్‌హెడ్ ట్యాంకు అని ఎవరైనా గీత గీస్తే, మీ డివిజను మీ చేతిరాతతోనే జాబితాలోంచి తప్పుకుంటుంది. అందుకే ఖాళీ గడిలో అడ్డగీత పెట్టండి, పక్కనే ‘చూడలేదు’ అని రాయండి. కంప్యూటరులో చేసేవారు ఆ గడిలో ఏ అంకె వేసినా అది సగటులో చేరిపోతుంది కాబట్టి మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఫిర్యాదు రాకపోవడానికి సమస్య లేకపోవడం ఒక్కటే కారణం కాదు. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాల వ్యవస్థ మొదలయ్యాక వార్డులోనే అర్జీ ఇచ్చే వీలు కలిగింది. 2025 జనవరి నుంచి ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లోనూ ప్రభుత్వ సేవలు అందుతున్నాయి. అయినా పెన్న ఒడ్డున ఉన్న కాలనీలో ఇంటికి ఒక్క ఫోను ఉంటే, అది రొయ్యల గుంటల కాపలాకు వెళ్లిన మగమనిషి జేబులో ఉంటుంది గాని, కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడే ఆడమనిషి చేతిలో ఉండదు. అద్దెకున్నవారు ఇంటి ఓనరుతో చెప్పి ఊరుకుంటారు. ఉర్దూ మాత్రమే చదవగల నెల్లూరు కోటమిట్ట పెద్దాయనకు తెలుగు ఫారం కొరుకుడు పడదు. పట్టా, డోర్ నంబరు లేని యానాదుల కాలనీలో, అడిగితే ఉన్న గుడిసె కూడా తీయించేస్తారేమోనన్న భయం ఉంటుంది. చీమకుర్తి గ్రానైటు క్వారీల్లో పని చేసే పొరుగు రాష్ట్రాల కూలీల ఆధార్ చిరునామా వేరే ఊరిది. లేఅవుట్ కాలనీలోనైతే ఒకే స్తంభం దీపం మీద నలుగురు ఫిర్యాదు చేస్తారు. అందులో తప్పేమీ లేదు, కాకపోతే అది నాలుగు దీపాల లెక్క కాదు.

ఇప్పుడు దిద్దుబాటు చూద్దాం, అంకెలు ఉదాహరణకే. మొదటి డివిజనులో 1,200 ఇళ్లు, 180 ఫిర్యాదులు. రెండో దానిలో 900 ఇళ్లు, 36 ఫిర్యాదులు. ప్రతి పదో ఇంటి తలుపు తట్టండి. మొదటి దానిలో 120 ఇళ్లకు 12, రెండో దానిలో 90 ఇళ్లకు 36 ఇళ్లలో సమస్య కనిపించిందనుకుంటే, మొత్తం మీద అవి 120, 360 ఇళ్లు అవుతాయి. మొదటిచోట ఒక్కో ఫిర్యాదు వెనక ఒక ఇల్లు కూడా పూర్తిగా లేదు. రెండోచోట పది ఇళ్లున్నాయి. తొంభై ఇళ్ల నమూనాలో వచ్చిన 40 శాతం నిజానికి దాదాపు 30 నుంచి 50 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు గనుక ఆ మాటా పట్టికలో రాయండి. ఈ పది రెట్ల లెక్కను మరో డివిజనుకు అతికించకండి. తాళం వేసిన ఇల్లు వస్తే పక్కింటికి జరిగిపోకుండా సాయంత్రం మళ్లీ వెళ్లండి; పగలు తాళం పడేది ఎక్కువగా కూలి పనికి వెళ్లేవారి ఇళ్లకే. నేనైతే యాప్ కన్నా గీతల నోటుపుస్తకాన్నే నమ్ముతాను. కొట్టివేతలు కూడా కనిపిస్తాయి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఊరు ఎటు ఎలా పెరగాలో చూపే మాస్టర్ ప్లాను సాధారణంగా ఇరవై ఏళ్ల దూరం చూసి వేస్తారు, మనకున్న ఆఖరి పూర్తి జనగణనేమో 2011 నాటిది. ట్యాంకుకూ బడికీ మురుగు పారుదలకూ నేడు పటంలో స్థలం చూపకపోతే రేపు అక్కడ ఇళ్లు లేస్తాయి. 2021 నవంబరు వరదలో పెన్న నీరు చొచ్చుకొచ్చిన కాలనీలను అవసరాల పట్టికలో సున్నాగా చూపించే ప్రణాళిక, అక్కడివారిని ఎక్కడికి తరలించాలన్న ప్రశ్న కూడా వేయదు. పురపాలక సంఘాలకు అప్పగించదగ్గ పనులను చెప్పే రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులోని 18 అంశాల్లో మొదటిది పట్టణ ప్రణాళికే. 3 లక్షలు, ఆపై జనాభా ఉన్న పట్టణాల్లో వార్డుల కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ అధికరణం చెబుతోంది. నెల్లూరువాసులు మీ పట్టికను ముందుగా అక్కడే పెట్టమని కోరవచ్చు. ముసాయిదా ప్లాను మీద అభ్యంతరం రాసేటప్పుడు వీధి పేరు, సర్వే నంబరు, చూసిన తేదీ తప్పక ఉండాలి.

అభ్యాసం: గత పట్టికలో మీరు సున్నా వేసిన వీధులన్నిటికీ వెళ్లండి. నీళ్లు వదిలే వేళకు ఒకసారి, చీకటి పడ్డాక మరోసారి. చివరి కుళాయి దగ్గర బిందె నిండటానికి ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం చూసి రాసి, వెలగని దీపం ఉన్న ప్రతి స్తంభం నంబరూ దించుకుని, పాత పట్టికను చెరపకుండా దాని పక్కనే కొత్తది కట్టి పంపండి. భూవినియోగ రంగుల పాఠం ఆ తరువాతే.